గీయని ముఖం, గీసిన ముఖాలు

‘మీ దేవుడి ఫోటో ఎలా ఉంటుంది?’ తెలుగు ఊళ్లల్లో పెరిగిన ముస్లిం పిల్లల్లో ఈ ప్రశ్న ఎదుర్కోనివాళ్లు తక్కువ. బళ్లో పక్కన కూచున్న స్నేహితుడే అడుగుతాడు. అందులో ద్వేషమేమీ ఉండదు. వాళ్లింట్లో గోడకి వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. ఎదురింట్లో ఏసుప్రభువు ఉన్నాడు. మన ఇంట్లో గోడకి మక్కా, మదీనా కట్టడాల బొమ్మలు తప్ప మనిషి లేడు. ‘మాకు ఫోటో ఉండదు’ అని జవాబు చెప్తాం. ఎందుకుండదని ఇంటికొచ్చి అడిగితే ‘అలా అడక్కూడదు బేటా, గునా’ అని అమ్మీ అంటుంది. అక్కడితో సంభాషణ ముగుస్తుంది.

ఆ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. ముహమ్మద్ (స) మనకు దేవుడు కాదు, ప్రవక్త. మన జవాబులో ఒక లోటు ఉంది. గునా అన్నమాట నిజమే కావచ్చు, కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నారో మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇతరులు అడిగినప్పుడు చెప్పలేక, మనవాళ్లు గర్జించినప్పుడు అడగలేక ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం.

ఇక్కడ తెలుగు నేల సంగతి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇది ముఖాలకు అలవాటుపడ్డ నేల. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీయే ‘భక్త ప్రహ్లాద’. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక కృష్ణుడంటే ఎన్టీ రామారావు ముఖమే. 1978లో ‘కరుణామయుడు’ వచ్చాక ఏసు అంటే విజయచందర్. ఆయనే 1986లో షిర్డీ సాయిబాబా కూడా అయ్యాడు. మసీదులో ఉండి, ఫకీరులా బతికిన మనిషికి కూడా వెండితెర ముఖం దొరికింది. ఇట్లాంటి చోట ముఖం చూపించని విశ్వాసం వింతగా కనిపిస్తుంది. ఏదో దాచుకుంటున్నట్టు అనిపిస్తుంది. అందుకే మనకు ఈ బొమ్మల చర్చ కేవలం షరియత్ చర్చ కాదు. మనం ఎవరం అన్న చర్చ కూడా.

మొదట నియమం సంగతి చూద్దాం. ప్రవక్త బొమ్మ గీయకూడదని నేరుగా చెప్పే వాక్యం ఖురాన్‌లో లేదు. విగ్రహారాధన మీద మాత్రం కఠినమైన ఖండన ఉంది. ఇబ్రాహీం ప్రవక్త విగ్రహాలను పగలగొట్టిన కథ ఉంది. బొమ్మల గురించి కటువుగా మాట్లాడేవి హదీసులు. ప్రాణమున్న వాటి బొమ్మలు చేసినవాళ్లను ప్రళయదినాన వాటికి ప్రాణం పొయ్యమని అడుగుతారన్న హదీసు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. అదే హదీసు సాహిత్యంలో బీబీ ఆయిషా కథనం కూడా ఉంది. బొమ్మలున్న తెరను ప్రవక్త ఇష్టపడకపోతే ఆమె దాన్ని చింపి దిండ్లు కుట్టుకుంది. బొమ్మలు గీసి బతికేవాడొకడు సలహా అడిగితే ఇబ్న్ అబ్బాస్ చెట్లను, ప్రాణం లేనివాటిని గీసుకోమన్నాడు. అంటే బొమ్మ ఎక్కడుంది, దేనికోసం ఉంది అన్న తేడాలు మొదటి తరంలోనే ఉన్నాయి. తర్వాతి ఉలమాలు వీటినుంచే రకరకాల నిర్ణయాలు చేశారు.

ప్రవక్త విషయంలో సున్నీ ఉలమాల మాట దాదాపు ఒక్కటే: వద్దు. వాళ్లు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. బొమ్మ క్రమంగా పూజకు దారితీస్తుంది. తనను హద్దుమీరి పొగడవద్దని ప్రవక్తే చెప్పాడు. ఆయన అననిమాట ఆయన నోట పలికిస్తే అది అబద్ధాన్ని అంటగట్టడమవుతుంది. ఇవాళ ప్రవక్త వేషం వేసిన నటుడు రేపు తాగుబోతు వేషం వేస్తాడు. ఎన్టీఆర్ పటాలకు దండం పెట్టిన మన ఇరుగుపొరుగును చూసినవాళ్లకు మొదటి భయం కల్పితమని అనిపించదు. షియా ఉలమాల్లో కొందరు గౌరవానికి భంగం రానంతవరకు బొమ్మకు అభ్యంతరం లేదన్నారు. ఇరాన్ బజార్లలో హజ్రత్ అలీ, ఇమాం హుసేన్ బొమ్మలు మామూలుగా కనిపిస్తాయి.

అయితే ‘ముస్లింలు ఎన్నడూ ప్రవక్తను గీయలేదు’ అనే మాట చరిత్ర ముందు నిలవదు. పద్నాలుగో శతాబ్దం తొలినాళ్లలో తబ్రీజ్‌లో మంత్రి రషీదుద్దీన్ రాయించిన ‘జామి అల్ తవారీఖ్’లో ప్రవక్త ముఖంతో సహా కనిపిస్తాడు. 1436 ప్రాంతంలో హెరాత్‌లో తయారైన ‘మేరాజ్‌నామా’లోనూ అంతే. 1595లో ఉస్మానియా సుల్తాన్ మూడో మురాద్ కోసం పూర్తయిన ‘సియర్ ఎ నబీ’లో వందలాది బొమ్మలున్నాయి. వాటిలో ప్రవక్త ముఖం మీద తెల్లని ముసుగు ఉంటుంది, చుట్టూ జ్వాల ఉంటుంది. గీయించినవాళ్లు ముస్లిం పాలకులే. వాళ్ల కార్ఖానాల్లో తయారైనవే. అయితే ఆ బొమ్మలు గోడకి తగిలించి అగరొత్తులు వెలిగించేందుకు కాదు, పుస్తకంలో కథ చెప్పేందుకు. ముఖం నుంచి ముసుగుకు వచ్చిన ఈ మార్పు ఒక పెద్ద ఆలోచన ఫలితం. దాన్ని మనకు ఏ మద్రసాలోనూ చెప్పలేదు, ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

పదిహేడో శతాబ్దంలో ఇస్తాంబుల్ కాతిబ్ హాఫిజ్ ఉస్మాన్ మరో దారి స్థిరపరిచాడు. ప్రవక్త ఎత్తు, రంగు, జుట్టు, నడక ఎలా ఉండేవో హజ్రత్ అలీ చెప్పిన వర్ణనను అందమైన అక్షరాల్లో, ఒక గుండ్రటి చట్రంలో రాసేవాడు. దాన్ని హిల్యా అంటారు. ఇళ్లలో గోడకి తగిలించుకుంటారు. చదివితే రూపం తెలుస్తుంది. చూస్తే అక్షరాలే కనిపిస్తాయి. ‘ఫోటో లేదు’ అన్నచోట ఏమీ లేదని కాదు. మాట ఉంది.

సినిమా వచ్చాక సమస్య మారిపోయింది. పుస్తకంలో బొమ్మను ఎవరూ మనిషనుకోరు. సినిమాలో బతికున్న మనిషే వచ్చి నిలబడతాడు. 1926లో ఈజిప్ట్ నటుడు యూసుఫ్ వహ్బీ ప్రవక్త పాత్ర వెయ్యడానికి ఒప్పుకున్నాడన్న వార్త పొక్కింది. అల్ అజ్‌హర్ వ్యతిరేకించింది. పౌరసత్వం తీసేస్తానని రాజు ఫువాద్ బెదిరించాడు. వహ్బీ వెనక్కి తగ్గాడు. ఆ సినిమా రాలేదు. యాభై ఏళ్ల తర్వాత వచ్చిన సినిమా ముస్తఫా అక్కాద్ ‘ది మెసేజ్’. అరబ్బీలో ‘అల్ రిసాలా’. మన మొహల్లాల్లో వీడియో క్యాసెట్ల కాలంలో దీన్ని తలుపులు వేసుకుని, తలకి టోపీలు పెట్టుకుని చూసిన ఇళ్లున్నాయి. విమర్శకు నిలిచే సినిమా కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూడాలి.

అక్కాద్ సిరియాలోని అలెప్పోలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. ఇస్లాం పుట్టుకను పడమటి ప్రేక్షకుడికి చెప్పాలనుకున్నాడు. ఒకే సెట్లలో ఇంగ్లీషు సినిమా ఒక నటవర్గంతో, అరబ్బీ సినిమా మరో నటవర్గంతో తీశాడు. ప్రవక్త బాబాయి హమ్‌జాగా ఇంగ్లీషులో ఆంథోనీ క్విన్, అరబ్బీలో అబ్దుల్లా గైస్. మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ వ్యతిరేకించింది. షూటింగ్ మొరాకోలో మొదలై, సౌదీ ఒత్తిడితో ఆగిపోయి, గద్దాఫీ అండతో లిబియాలో ముగిసింది. ప్రవక్త వేషం ఆంథోనీ క్విన్ వేశాడని పుకారు పుట్టింది. 1977 మార్చి 9న వాషింగ్టన్‌లో 12 మంది సాయుధులు మూడు భవనాల్లోకి చొరబడి దాదాపు 150 మందిని బంధించారు. తమ నాయకుడి కుటుంబాన్ని చంపినవాళ్లను అప్పగించాలన్నది వాళ్ల ప్రధాన కోరిక. ఈ సినిమా ఆపాలన్నది మరొకటి. ఒక యువ విలేకరి చనిపోయాడు. చివరికి ఈజిప్ట్, ఇరాన్, పాకిస్తాన్ రాయబారులు వెళ్లి ఖురాన్ వాక్యాలతో నచ్చజెప్పాక బందీలు విడుదలయ్యారు. సినిమాలో ప్రవక్త కనిపించడు. ఆయన గొంతు కూడా వినిపించదు. చూసుంటే ఆ సంగతి తెలిసేది.

మరి ఎలా తీశాడు? కెమెరానే ప్రవక్త చూపుగా వాడుకున్నాడు. పాత్రలు కెమెరా వైపు చూసి మాట్లాడతాయి, జవాబు వింటాయి, తలలు ఊపుతాయి. ఆ జవాబును పక్కనున్న మరొకరు చెప్తారు. కొన్నిచోట్ల ఒంటె కనిపిస్తుంది, చేతికర్ర కనిపిస్తుంది. హజ్రత్ అలీ ఉన్నాడనడానికి రెండు మొనల కత్తి జుల్ఫిఖార్ కనిపిస్తుంది, అంతే. ఈ పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు నటించలేదు. కానీ చిక్కు కూడా ఉంది. ప్రవక్త ఉండాల్సిన చోట కూచుని చూస్తున్నది ఎవరు? టిక్కెట్టు కొన్న మనం. ముఖం చూపిస్తే అపచారమన్నప్పుడు ఆయన కళ్లతో మనల్ని చూడమనడం ఏమవుతుంది? ఫత్వాలు ఇచ్చినవాళ్లెవరూ ఇది అడిగినట్టు లేరు. ఇంకో బలహీనత కథలోనే ఉంది. మధ్యలో ప్రవక్త లేకపోవడంతో హమ్‌జా నాయకుడైపోయాడు. ఉహుద్ యుద్ధంలో హమ్‌జా చనిపోయాక సినిమా నడుం విరుగుతుంది. అక్కడినుంచి సంఘటనలు వరసగా వెళ్తుంటాయి, మనిషి దొరకడు.

అంతకన్నా పెద్ద లోటు ఆడవాళ్ల విషయంలో. ప్రవక్తతో పాటు ఆయన భార్యల్ని, కూతుళ్లను, మొదటి ఖలీఫాలను కూడా చూపించకూడదని ఒప్పుకుని తీసిన సినిమా ఇది. దాంతో ఏమైంది? వ్యాపారం నడిపిన ఖదీజా, ప్రవక్తను మొట్టమొదట నమ్మిన ఖదీజా తెరమీద లేదు. ఫాతిమా లేదు. ఆయిషా లేదు. ఉన్నది ఎవరు? హమ్‌జాను చంపించిన హింద్. ఐరీన్ పాపాస్ నటన వల్ల ఆమె మరిచిపోలేని మనిషైంది. చిత్రహింసలకు చనిపోయే సుమయ్యా కాసేపు కనిపిస్తుంది. ఇస్లాంను నిలబెట్టిన స్త్రీ అదృశ్యం, దాన్ని ఎదిరించిన స్త్రీ ప్రత్యక్షం. గౌరవం కోసం పెట్టిన నియమం చివరికి మన చరిత్రలోని ఆడవాళ్లకు పర్దా కట్టింది. దీనిమీద మన దగ్గర చర్చ జరగలేదంటే ఆశ్చర్యం లేదు. చర్చ చేసేవాళ్లంతా మగవాళ్లే.

ఇన్ని లోట్లున్నా ఆ సినిమా నిలవడానికి కారణం బిలాల్. మండుటెండలో ఛాతీ మీద బండ పెట్టినా ‘అహద్, అహద్’ అన్న నల్లజాతి బానిస. ఆయన కాబా పైకెక్కి అజాన్ చెప్పే దృశ్యం కోసం ఆ సినిమాను మళ్లీ చూడొచ్చు. నిన్నటిదాకా కొరడా దెబ్బలు తిన్నవాడు అందరికన్నా ఎత్తున నిలబడ్డాడు. మక్కా పెద్దల ముఖాల్లో కనిపించే అవమానమే ఆ సినిమా చెప్పదలచుకున్న సందేశం. ప్రవక్త ముఖం లేకపోయినా ఆయన ఏం చేశాడో బిలాల్ ముఖంలో తెలుస్తుంది. సయ్యద్, షేక్, పఠాన్ అని లెక్కలు చూసుకుంటూ, దూదేకులవాళ్లకు, ఫకీర్లకు పిల్లనివ్వడానికి వెనకాడే మన సమాజం ఈ దృశ్యాన్ని కళ్లార్పకుండా చూడాలి. మన మౌల్వీలు కనిపించని ముఖం గురించి చెప్పినంతగా కనిపించే ఈ ముఖం గురించి చెప్పరు.

అక్కాద్ 2005 నవంబర్‌లో అమ్మాన్ హోటళ్ల పేలుళ్లలో గాయపడి చనిపోయాడు. ఆయన కూతురు కూడా ఆ పేలుళ్లకే బలైంది. బాంబులు పెట్టినవాళ్లు ఇస్లాం పేరే చెప్పారు.

తర్వాత గీత జరుగుతూ వచ్చింది. 1994లో యూసుఫ్ షహీన్ తీసిన ‘అల్ ముహాజిర్’ యూసుఫ్ ప్రవక్త కథేనని ఈజిప్ట్‌లో కోర్టుకెక్కారు. సినిమా ఆగి, మరుసటేడు మళ్లీ బయటపడింది. 2008లో ఇరాన్ టీవీ యూసుఫ్ ప్రవక్తను ముఖంతోనే చూపించింది. 2012 రంజాన్‌లో అరబ్ చానెల్ ఎం.బి.సి. ‘ఉమర్’ సీరియల్ ప్రసారం చేసింది. దర్శకుడు హాతిమ్ అలీ. అందులో హజ్రత్ ఉమర్‌తో పాటు నలుగురు ఖలీఫాలూ ముఖాలతో కనిపిస్తారు. అల్ అజ్‌హర్ వద్దంది. స్క్రిప్ట్ చూసి సరేనన్న ఉలమాల్లో యూసుఫ్ అల్ ఖరదావీ అంతటివాడున్నాడు. అంటే సున్నీ ఉలమాలే రెండుగా చీలారు. 1976లో కత్తి మొన దాకానే అనుమతి దొరికిన హజ్రత్ అలీ 2012కి పూర్తి మనిషిగా తెరమీదికొచ్చాడు. షరియత్ మారిందా? లేదు. దాన్ని చదివే మనుషుల అంచనా మారింది. ఈ మార్పును ఒప్పుకోవడానికి మనవాళ్లు భయపడతారు.

2015లో ఇరాన్ దర్శకుడు మాజిద్ మాజిదీ ప్రవక్త బాల్యం మీద సినిమా తీశాడు. పిల్లవాడు వెనకనుంచి కనిపిస్తాడు, ముఖం కనిపించదు. సంగీతం ఏ.ఆర్. రహమాన్. ముంబైలోని రజా అకాడమీ దర్శకుడి మీదా, రహమాన్ మీదా ఫత్వా తెచ్చింది. తాను పండితుణ్ణి కాదని, మంచి ఉద్దేశంతోనే సంగీతం చేశానని రహమాన్ వినయంగా జవాబు రాశాడు. అప్పుడే విశ్వహిందూ పరిషత్ నాయకుడొకరు రహమాన్‌ను ‘ఘర్ వాపసీ’కి పిలిచాడు. ఈ దేశంలో ముస్లిం కళాకారుడి పరిస్థితి ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చూపించలేరు. ఇంట్లోవాళ్లు బయటికి నెడుతుంటే, వాకిట్లోవాళ్లు తమ ఇంట్లోకి లాగుతుంటారు. ఆయన చేసిన సంగీతం గురించి ఇద్దరికీ పట్టింపు లేదు. మాజిదీ సినిమా మీద నా అభ్యంతరం వేరు. అంత ఖర్చు, అంత వెలుగు, అంత గొప్ప ఛాయాగ్రహణం. కానీ ఆ అనాథ పిల్లవాడి చుట్టూ మహిమలు కూడా చాలా ఎక్కువ. మన పౌరాణిక సినిమాలు చూసినవాడికి అది కొత్తగా అనిపించదు. ముఖం దాచి మిగతా అంతా పౌరాణికమే చేస్తే నియమం అక్షరం నిలుస్తుంది, ఉద్దేశం పోతుంది.

ఇదంతా వింటే కొందరు ‘అయితే డెన్మార్క్ కార్టూన్లు కూడా ఒప్పుకుంటావా?’ అని అడుగుతారు. ఒప్పుకోను. 2005 సెప్టెంబర్ 30న యిలాండ్స్ పోస్టెన్ పత్రిక వేసిన 12 కార్టూన్లలో ఒకదాంట్లో తలపాగాలో బాంబు పెట్టారు. అక్కడ బాధించింది ముఖం గీయడం ఒక్కటే కాదు. ముస్లిం అంటే బాంబు అని గీయడం. అది ప్రవక్త బొమ్మ కాదు, మనందరి మీద వేసిన నింద. దాన్ని ఖండించే హక్కు మనకుంది. కానీ 2015 జనవరి 7న పారిస్‌లో చార్లీ హెబ్డో ఆఫీసు మీద దాడిచేసి 12 మందిని కాల్చి చంపినవాళ్లు ఆ నింద నిజమేనని చూపించడానికి ప్రయత్నించినట్టయింది. వాళ్లతో మనకు ఏ చుట్టరికమూ లేదు.

నిందకూ భక్తికీ తేడా చూడకపోతే ఏమవుతుందో 2022లో అమెరికాలోని హామ్‌లిన్ యూనివర్సిటీలో తెలిసింది. కళాచరిత్ర పాఠంలో ఒక అధ్యాపకురాలు ముందే హెచ్చరించి మరీ ‘జామి అల్ తవారీఖ్’ బొమ్మ చూపించింది. ఫిర్యాదు వచ్చింది. ఆమెకు తర్వాతి పాఠం ఇవ్వలేదు. అమెరికాలోని ముస్లిం సంస్థలే కొన్ని ఆమె పక్షాన మాట్లాడాయి. ముస్లింలు భక్తితో గీసిన బొమ్మను ముస్లిం ద్వేషమని కొట్టిపారేస్తే మన వారసత్వాన్ని మనమే పారేసుకున్నట్టు.

మన దక్కన్‌లో ఈ చిక్కుకు జనం ఎప్పుడో ఒక జవాబు కనుక్కున్నారు. మొహర్రంలో లేచే పీర్లకు ముఖం ఉండదు. ఇత్తడివో, వెండివో, పంజా ఆకారపు ఆలంలు. కర్బలా అమరులకు అవి గుర్తులు. హైదరాబాద్‌లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించిన బాద్షాహీ అషూర్‌ఖానా నుంచి అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దాకా అదే పద్ధతి. ముందు మాదిగ డప్పు, వెనక సాయిబు, మొక్కు చెల్లించేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. దీన్ని షిర్క్ అని సంస్కరణవాదులు తిడతారు. వాళ్ల వాదన వాళ్లది. నేను చెప్పేది ఒకటే. ముఖం లేకుండానే హుసేన్ తెలుగు పల్లెలో తెలిసిన మనిషయ్యాడు. ‘మీ దేవుడి ఫోటో ఏది’ అని అడిగిన స్నేహితుడి నానమ్మ పీరుకి మల్లెలు, మలీదా తెచ్చిచ్చినామె అయివుంటుంది.

ఇక గీసిన ముఖాల సంగతి. ప్రవక్త ముఖాన్ని ఎవరూ గీయకుండా కాపలా కాస్తున్న మన పెద్దలు ఆయన్ని నమ్మినవాళ్ల ముఖాలను ఎవరు ఎలా గీస్తున్నారో పట్టించుకున్నారా? తెలుగు తెరమీద ముస్లిం ఎవరు? విరిగిన తెలుగు మాట్లాడి నవ్వించే సాయిబు, హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మినబంటు, లేదంటే రౌడీ. ‘రోజా’ తెలుగులోకి వచ్చాక నాలుగో వేషం స్థిరపడింది. అందులో ఒకపక్క జెండా తగలబడుతుంటే మరోపక్క మిలిటెంటు నమాజు చేస్తుంటాడు. రెంటినీ కత్తిరించి పక్కపక్కన అతికిస్తే నమాజే నేరంలా కనిపిస్తుంది. ఆ సినిమాకి అంతా చప్పట్లు కొట్టారు. ప్రవక్త బొమ్మ ఒక్కటి అచ్చయితే వీధిలోకొచ్చే మనం ఇలాంటి వేల బొమ్మల మీద ఒక్క మంచి వ్యాసం రాయలేదు. మన పిల్లలు రేపు ఉద్యోగానికి, అద్దె ఇంటికి వెళ్లినప్పుడు ఎదుటివాడి మనసులో మెదిలేది ఈ బొమ్మలే.

దీనికి జవాబు కూడా మన దగ్గరే మొదలైంది. బాబ్రీ కూల్చివేతకు ముందే 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, ఆ తర్వాత 1998లో ‘జల్‌జలా’ సంకలనం మన ముఖాన్ని మన మాటల్లోనే రాసే పని చేశాయి. హిల్యా రాసిన కాతిబులు చేసిన పనే వేరే అవసరం కోసం జరిగింది. ఇప్పుడు ఆ పని తెరమీద జరగాలి.

ప్రవక్తను గీయమని నేను అడగడం లేదు. ఆయన ముఖం గీయకుండా ఉండడం నాకు ఇష్టమే. ఏ ఒక్క నటుడి ముఖమూ, ఏ ఒక్క జాతి రంగూ ఆయనది కాకుండా పోవడంలో ఒక సమానత్వం ఉంది. కానీ ఆ నియమాన్ని భయంతో కాక అర్థం చేసుకుని పాటిద్దాం. సినిమా చూడకుండా ఫత్వా వద్దు, చూసి విమర్శ రాద్దాం. ఖదీజాను ఎలా చెప్పాలో మన ఆడవాళ్లను అడుగుదాం. పల్లెలో పత్తి ఏకే దూదేకుల సాయిబు కథ, పాతబస్తీలో జరీ కుట్టే పిల్ల కథ తెలుగులో తీసే కుర్రాళ్లకు చందాలివ్వడానికి మన అంజుమన్లు ముందుకు రావాలి. ఒక్క జల్సాకి అయ్యే ఖర్చుతో మంచి లఘుచిత్రం తీయొచ్చు. వాటిని గీయొద్దని ఏ ఉలమా అన్నాడు?